కువైట్ విడుదలైన రోజు మునెమ్మ

వడమాలపేటలో మునెమ్మలు చాలామంది ఉన్నారు. పాలకేంద్రం వీధిలోనే ముగ్గురు. అందుకని ఒకామెను టైలరు మునెమ్మ అనీ, ఒకామెను మేకల మునెమ్మ అనీ పిలుస్తారు. మూడో ఆమె కువైట్ మునెమ్మ. ఆమె కువైట్ వదిలి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు పోలేదు. కువైట్ పోయి వచ్చినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వాళ్ళెవరికీ అతకని పేరు ఈమెకు అతకడానికి కారణం వేరు. యుద్ధం జరిగేటప్పుడు శత్రువుల మనిషిని పట్టించిన ఆడది అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే మునెమ్మ తలవంచుకుని చేతిలో పని చూసుకునేది. గొప్ప చెప్పుకోవడం తెలియని మనిషి అని జనం ఇంకా మెచ్చుకునేవాళ్ళు.

ఆమె కువైట్ వెళ్ళింది 1984లో. భర్త చిన్నబ్బ చెరకు లారీలకు లోడు ఎత్తేవాడు. ఒకరోజు లోడు మీద కూర్చుని వస్తుంటే లారీ బోల్తా పడి చనిపోయాడు. మునెమ్మకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, కూతురు కోమలికి మూడు. బిడ్డను తల్లి సుబ్బులమ్మకు అప్పగించి, తెలిసినవాళ్ళతో బొంబాయి పోయి విమానం ఎక్కింది.

ఆమె పనిచేసిన ఇల్లు జాబ్రియా అనే పేటలో ఉండేది. ఇంటి పెద్ద ఒక ముసలామె. అక్కడ మనుషులను పెద్ద కొడుకు పేరుతో పిలుస్తారు. ఆమె పెద్ద కొడుకు యూసుఫ్, కాబట్టి ఆమె ఉమ్ము యూసుఫ్, యూసుఫ్ తల్లి. పనిమనుషులు మాత్రం ఆమెను ‘మామా’ అనేవాళ్ళు. చిన్న కొడుకు ఫహద్ కాలేజీలో చదువుతున్నాడు. మునెమ్మ అనే పేరు వాళ్ళ నోటికి తిరగలేదు. ‘మునా’ అన్నారు. ఆ పేరుతోనే ఆరేళ్ళు ఆ ఇంట్లో వండింది, ఊడ్చింది, ముసలామెకు కాళ్ళు పట్టింది. ఆమెకు చక్కెర జబ్బు ముదిరితే రోజూ రెండు పూటలా సూది వెయ్యడం నేర్చుకుంది. మంచి ఇల్లే. చెయ్యి చేసుకున్నవాళ్ళు లేరు. ఆమెను కూర్చోమన్నవాళ్ళు కూడా లేరు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి కువైట్‌ను ఆక్రమించింది. యూసుఫ్, భార్యాపిల్లలు సెలవులకని అప్పటికే కైరో పోయి ఉన్నారు. ఇంట్లో ముసలామె, ఫహద్, మునెమ్మ మిగిలారు. రెండు వారాలు తిరక్కుండానే మనవాళ్ళు వెళ్ళిపోవడం మొదలైంది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి, జోర్డాన్ చేరి, అక్కడినుంచి విమానాలు. పుత్తూరు దగ్గరివాడు ప్రేమానందం అని, వెనక వీధిలో డ్రైవరు, మునెమ్మను తోడు రమ్మని పిలవడానికి వచ్చాడు.

“రా మే, పోదాం. ఆ ముసిలామె ఏమన్నా నిన్ను కన్నదా? ఈడే ఉంటే ఇద్దరూ పోతారు,” అన్నాడు.

“సూది ఎవురేస్తారు అన్నా ఆమెకి? ఆ పిల్లోడికి సూది పట్టుకునేదే రాదు,” అంది మునెమ్మ.

ఆ మాట నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. ఎడారి దారిలో ఆడవాళ్ళకు ఏమవుతున్నదో వదంతులు విని ఆమెకు గుండె జారింది. ఇంట్లో బియ్యం, పప్పు, డబ్బాల్లో పాలపొడి నిండుగా ఉన్నాయి. గేటు దాటడం కంటే గేటు లోపల ఉండటం నయమనిపించింది. ప్రేమానందం ఊరు చేరి, ముసలామెను వదలలేక నిలబడిపోయిందని చెప్పాడు. ఊళ్ళో ఆమె మంచితనం కథ మొదట అక్కడ మొదలైంది.

సెప్టెంబరు నాటికి ఇన్సులిన్ దొరకడం మానేసింది. ఆసుపత్రుల్లోని మందులను సైనికులు లారీల్లో ఎత్తుకుపోయారు. అప్పుడు ఆదుకున్నది వీధి చివర మందుల కొట్టాయన. పాలస్తీనా మనిషి. సొంత ఊరు లేకుండా తండ్రి కాలంలో కువైట్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొట్టు కింద, ఇల్లు పైన. ఆయన్ను అందరూ అబూ సమీర్ అనేవాళ్ళు, సమీర్ నాన్న అని. ఆయన అసలు పేరేమిటో మునెమ్మ ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పొట్టిగా ఉండేవాడు. తెల్లకోటు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకునేవాడు. మునెమ్మ వెళ్తే సూదిమందు సీసా తడిగుడ్డలో చుట్టి ఇచ్చి, ఎండలో నిలబడకుండా నేరుగా ఇంటికి పొమ్మనేవాడు. ఆయన భార్య ఉమ్ము సమీర్ రొట్టెలు కాల్చిన రోజు రెండు రొట్టెలు కూడా చేతిలో పెట్టేది.

ఊళ్ళో మిగిలిన మందుల కొట్లన్నీ పగిలిపోతే ఇదొక్కటి ఎట్లా నిలబడిందో వీధిలో అందరికీ తెలుసు. ఇరాక్ అధికారి ఒకడు, పెద్ద మీసాలవాడు, తన చక్కెర జబ్బుకు అక్కడే మందు తీసుకునేవాడు. వాడూ వాడి సైనికులూ కొట్టు ముందు కుర్చీలేసుకుని టీ తాగేవాళ్ళు. అబూ సమీర్ నవ్వుతూ వాళ్ళకు టీ పోసేవాడు. వాళ్ళు వెళ్ళాక గ్లాసులు ఆయనే కడిగేవాడు. ఆ నవ్వు ఖరీదు మునెమ్మకు తెలుసు. ఆమె తెచ్చుకునే సీసా ఆ నవ్వులోనుంచే వచ్చేది.

మొదటి నెలలో ఊళ్ళో కుర్రాళ్ళు ఎదురు తిరిగారు. సైనికులకు దారి తెలియకుండా వీధుల పేర్ల బోర్డులు పీకేశారు. గోడలకు కాగితాలు అంటించారు. కొందరు తుపాకులు సంపాదించి సైనికుల బండ్లను కాల్చారు. ఫహద్ కూడా కాగితాలు అంటించడానికి పోయేవాడు. అతని స్నేహితుణ్ణి సైనికులు పట్టుకుని, సొంత ఇంటి వాకిట్లో, తల్లి చూస్తుండగా కాల్చి పడేశారు. ఆ రోజు ఫహద్ మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కనున్న గదిలోకి ఎక్కాడు. తర్వాత దిగలేదు. మునెమ్మ అన్నం గిన్నె పైకి తీసుకుపోయేది, బకెట్టు కిందికి తెచ్చేది. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. ఆమెకు కోపం రాలేదు. ఆమెకు కూడా అట్లానే ఎక్కడన్నా దూరాలని ఉండేది.

నవంబరులో సైనికులు ఇల్లిల్లూ వెతికారు. వయసు కుర్రాళ్ళు దొరికితే తీసుకుపోతున్నారు. మూడిళ్ళ అవతల ఉన్నారనగా అబూ సమీర్ ఆయాసపడుతూ వచ్చి, గేటు బయటినుంచే మునెమ్మకు చెప్పాడు. ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరను, ముసలామెకు అంటుజబ్బని ఏడువు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. సైనికులు వచ్చినప్పుడు ఆయనే వాళ్ళ వెంట వచ్చాడు. ఈ ఇంట్లో నా పేషెంటు తప్ప ఎవరూ లేరు, నేను రోజూ వస్తుంటాను కదా అని మీసాల అధికారితో నవ్వుతూ చెప్పాడు. అధికారి ఆయన భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాడు. మేడ మెట్ల దాకా వచ్చిన ఇద్దరు సైనికులు దిగిపోయారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే అబూ సమీర్ కోటు వీపంతా చెమటతో తడిసిపోయింది. గ్లాసెడు నీళ్ళు అడిగి, గేటు దగ్గరే నిలబడి తాగి వెళ్ళాడు.

జనవరిలో ఇరాక్ సైన్యం మీద అమెరికావాళ్ళ విమానాలు బాంబులు వెయ్యడం మొదలైంది. ఫిబ్రవరిలో ఇరాక్ సైనికులు చమురు బావులు తగలబెట్టారు. పట్టపగలు దీపం పెట్టుకోవలసినంత నలుపు. ఉతికిన బట్టల మీద మసి చుక్కలు పడేవి. కరెంటు పోయింది, నీళ్ళు పోయాయి. మునెమ్మ వాకిట్లో విరిగిన కుర్చీ కర్రలు మంటపెట్టి వండింది. ముసలామె మాత్రం బతికే ఉంది. సీసాలు ఆగలేదు.

ఫిబ్రవరి ఇరవై ఆరు, మంగళవారం. తెల్లారి చూస్తే వీధి చివర కాపలా సైనికులు లేరు. వాళ్ళ గుడారం ఉంది, పొయ్యి మీద గిన్నె ఉంది, మనుషులు లేరు. కాసేపటికి ఎక్కడో ఆడవాళ్ళు గొంతెత్తి సంతోషంగా కూసిన కూత వినబడింది. ఒక ఇంటి మీదనుంచి ఇంకో ఇంటి మీదికి ఆ కూత పాకింది. దాచిపెట్టిన జెండాలు బయటికి వచ్చాయి. ఏడు నెలలు దాక్కుని పోరాడిన కుర్రాళ్ళు తుపాకులు పట్టుకుని నడివీధిలో నడిచారు. మధ్యాహ్నానికి పెద్ద రోడ్డు మీద సైన్యాల బండ్లు వచ్చాయి. మొదట అరబ్బు దేశాలవి, వెనక అమెరికావి. జనం బండ్ల మీదికి ఎక్కి సైనికులను ముద్దులు పెట్టుకున్నారు. మునెమ్మ కూడా ఏడ్చింది. తన ఊరు కాదు, తన దేశం కాదు. అయినా ఏడుపు ఆగలేదు. ఇంక కోమలిని చూస్తాననే ధైర్యం ఆ రోజే వచ్చింది.

ఫహద్ ఆ పొద్దున మేడ దిగాడు. గడ్డం గీసుకుని, తెల్లబట్టలు వేసుకుని వీధిలోకి పోయాడు. సైనికులు పారేసిన తుపాకి ఎక్కడ దొరికిందో, మధ్యాహ్నం దాన్ని భుజాన వేసుకుని వచ్చాడు. వెంట ఆరేడుగురు పోరాట కుర్రాళ్ళున్నారు. వాళ్ళలో పెద్దవాడి చేతికి గుడ్డకట్టు ఉంది. వాళ్ళను కూర్చోబెట్టి ఫహద్ తన ఏడు నెలల కథ చెప్పాడు. మునెమ్మ టీ కాస్తూ విన్నది. ఆ కథలో నీళ్ళ ట్యాంకు గది లేదు. రాత్రుళ్ళు వీధుల్లో తిరగడం ఉంది, ఆయుధాలు మోయడం ఉంది.

ఆమె టీ తెచ్చేసరికి గుడ్డకట్టువాడు ఈ పిల్ల ఎవరని అడిగాడు. హిందుస్తానీ, మా అమ్మను వదలకుండా ఉండిపోయిందన్నాడు ఫహద్. గుడ్డకట్టువాడు లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు.

“మావాళ్ళే ఎందరో పారిపోయారు. నువ్వు ఉన్నావు. ఈ రోజునుంచి నువ్వు మా ఆడబిడ్డవి. కూర్చో,” అన్నాడు.

ఇంకొకడు జెండా రంగుల రిబ్బను తీసి ఆమె మణికట్టుకు కట్టాడు. ఆ ఇంటి ముందుగదిలో మునెమ్మ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఎవరో ఆమెకు ఆమె కాచిన టీనే ఒక కప్పు అందించారు. మొగుడు పోయిన తర్వాత ఇంతమంది మధ్య తనను మనిషిగా చూసిన చోటు అదేనని ఆమెకు అనిపించింది.

అప్పుడు గుడ్డకట్టువాడు మామూలుగా, టీ తాగుతూ అడిగాడు.

“వీధి చివర మందుల కొట్టు పాలస్తీనావాడు. వాడి దగ్గరికి సైనికులు వచ్చేవాళ్ళా?”

పాలస్తీనా నాయకులు ఆ యుద్ధంలో ఇరాక్ వైపు మాట్లాడారు. ఆ కోపం ఊళ్ళో ఉన్న ప్రతి పాలస్తీనావాడి మీదా ఉంది. మునెమ్మకు ఇవన్నీ పూర్తిగా తెలియకపోయినా, అడిగిన గొంతు తెలిసింది. ఆమె ఫహద్ వైపు చూసింది. ఫహద్ తన కప్పులోకి చూస్తున్నాడు. మందుల కొట్టాయన తనను కాపాడాడని చెప్తే, తాను దాక్కున్నానని కూడా చెప్పాలి.

“వచ్చేవాళ్ళు,” అంది మునెమ్మ.

“రోజూనా?”

“రోజూ. టీ తాగేవాళ్ళు.”

అంతటితో ఆగి ఉంటే తర్వాత తనకు తాను ఏదో ఒకటి చెప్పుకుని ఉండేది. అడిగినదానికి జవాబిచ్చానని, అబద్ధం ఆడలేదని. కానీ ఆరేడు మొహాలు ఆమె వైపే ఉన్నాయి. ఆమె నోటినుంచి ఇంకో మాట వస్తుందేమోనని చూస్తున్నాయి. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆమె మాట కోసం అట్లా చూడలేదు. ఆ చూపు ఇంకొంచెం సేపు ఉండాలనిపించింది. ఎవరూ అడగకుండానే ఆమె చెప్పింది.

“పెద్ద మీసాల అధికారి ఆయన భుజం మీద చెయ్యి వేసేవాడు. స్నేహితుల మాదిరి.”

వాళ్ళు కప్పులు కింద పెట్టి లేచారు.

మునెమ్మ గేటు దాకా వచ్చింది. కొట్టు ముందు గుమికూడారు. అబూ సమీర్‌ను కోటు కాలరు పట్టి బయటికి లాగారు. ఒక కాలికి చెప్పు లేదు. ఆయన పెద్దగా అరవలేదు. ఈ ఇంటి వైపు చెయ్యి చూపించి, ఆ ఇంట్లో అడగండి, వాళ్ళకు నేనెవరో తెలుసు అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. గుడ్డకట్టువాడు నవ్వాడు.

“అక్కడ అడిగే వస్తున్నాం,” అన్నాడు.

అబూ సమీర్ చెయ్యి దించాడు. గేటు దగ్గర నిలబడిన మునెమ్మను చూశాడు. ఆమె వెనక్కి తిరిగి లోపలికి వచ్చింది. లోపల ఫహద్ ఇంకా కూర్చునే ఉన్నాడు. ముసలామెకు సాయంత్రం సూది వేసే వేళయింది. ఆమె సీసా తీసింది. ఆ పూట రెండు చోట్ల గుచ్చవలసి వచ్చింది.

మర్నాడు ఉమ్ము సమీర్ వచ్చింది. తలగుడ్డ జారిపోయి ఉంది. ఫహద్ ఒక్క మాట చెప్తే వదిలేస్తారు, పిలవమంది. ఫహద్ లేడంది మునెమ్మ. ఫహద్ పై గదిలో ఉన్నాడు, కిటికీ తెరిచి ఉంది. ఉమ్ము సమీర్ కిటికీ వైపు చూసి, మునెమ్మ గడ్డం పట్టుకుంది.

“నువ్వైనా వచ్చి చెప్పు. మందు ఎవరిచ్చారో నువ్వు చూశావు కదా?”

“చూశాను.”

“మరి?”

మునెమ్మ పొయ్యిలో కర్రలు ఎగదోసింది. ఉమ్ము సమీర్ తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

అబూ సమీర్ నెల దాటాక వచ్చాడు. మునెమ్మ మేడమీద బట్టలు ఆరేస్తూ చూసింది. కారు దిగడానికి కొడుకు సాయం పట్టాడు. కుడిచెయ్యి మోచేతి కింద వంకరగా అతుక్కుని ఉంది. పిలిస్తే వినబడనట్టు తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. చెయ్యి అట్లా అతుక్కోకముందే ఎవరైనా సరిచేసి కట్టి ఉంటే బాగయ్యేదని ఆమెకు తోచింది. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు ఎంతటి విరిగిన చేతినీ నిలబెట్టడం చిన్నప్పటినుంచి చూసిన మనిషి. తన ఊళ్ళో ఉంటే వెంటబెట్టుకుని పోయేదాన్నే అనుకుంది. వెంటనే ఆ ఆలోచనకే సిగ్గేసింది. యాభై అడుగులు నడిచి పోనిదానికి పుత్తూరు ఎందుకు?

ఎండాకాలంలో ఆ కుటుంబం కారు మీద పరుపులు కట్టుకుని జోర్డాన్ వెళ్ళిపోయింది. మునెమ్మ బయటికి రాలేదు. కారు శబ్దం వీధి మలుపు తిరిగేదాకా వంటింట్లోనే నిలబడింది.

ఆ ఏడు సెలవు మీద ఊరొచ్చి కోమలిని చూసుకుంది. పదేళ్ళ పిల్ల మొదట దగ్గరికి రాలేదు, తర్వాత వదల్లేదు. కువైట్ గురించి అడిగినవాళ్ళకు నల్లటి ఆకాశం గురించి, కరెంటు లేకపోవడం గురించి చెప్పింది. మళ్ళీ అదే ఇంటికి పోయింది. అప్పటికి ప్రేమానందం కూడా కువైట్ తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరాడు. కైరోనుంచి తిరిగొచ్చిన యూసుఫ్ ఇంట్లో విందులప్పుడు అన్నదమ్ములు ఆ రోజు కథ చెప్పుకునేవాళ్ళట. మా మునా చూశారా, శత్రువుల మనిషిని పట్టి ఇచ్చిందని. ఆ మాట డ్రైవర్ల గదికి చేరింది. ప్రేమానందం సెలవుకు వచ్చి పుత్తూరులో, వడమాలపేటలో చెప్పాడు. మునెమ్మ రెండేళ్ళకు ఊరొచ్చేసరికి వీధి మొదట్లోనే ఒకాయన చేతులు జోడించి, ఎంత గుండె మే నీది అన్నాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. సుబ్బులమ్మ కూతురి పక్కన గర్వంగా నిలబడి ఉంది. కోమలి స్కూల్లో చెప్పుకుంది. మా అమ్మ దొంగ సైనికుణ్ణి పట్టించిందని. అప్పుడు కాదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తర్వాత చెప్పడానికి సమయం మించిపోయినట్టు ఉండేది. అట్లా ఏళ్ళు గడిచాయి.

2003లో ముసలామె పోయింది. మూడు రోజుల పరామర్శలు అయ్యాక ఫహద్ వంటింట్లోకి వచ్చాడు. అప్పటికి అతను పెద్ద ఉద్యోగి, ముగ్గురు పిల్లల తండ్రి. మునెమ్మ ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

“మునా, అబూ సమీర్ గుర్తున్నాడా?”

గుర్తున్నాడంది.

“ఆ రోజు నిన్ను అడిగినప్పుడు నువ్వు చెప్తావనుకున్నాను. నువ్వు చెప్తే నేను అవునందామని ఉన్నాను.”

“నేను నీ మొహం చూశాను,” అంది మునెమ్మ. “నువ్వు కప్పులోకి చూస్తున్నావు.”

“అవును,” అన్నాడు ఫహద్.

వాళ్ళెక్కడున్నారో తెలుసా అని ఆమె అడిగింది. తెలియదన్నాడు. ఎప్పుడైనా వెతికావా అంది. లేదన్నాడు. తర్వాత అతను టీ అడిగాడు. ఆమె కాచి ఇచ్చింది. ఆ నెల చివర్లోనే పని మానుకుని ఇంటికి వచ్చేసింది.

వడమాలపేటలో ఆమె రెండు ఆవులు పెట్టుకుంది. కోమలి భర్త మునిశేఖర్ అద్దెకార్లు నడుపుతాడు. మనవరాలు హేమశ్రీ తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. మొన్న ఫిబ్రవరిలో గల్ఫ్ వెళ్ళి వచ్చినవాళ్ళ సంఘంవాళ్ళు తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో సభ పెట్టారు. సంఘం అధ్యక్షుడు జయరామ్ ట్రావెల్స్ నడుపుతాడు. అతని దగ్గర బండి తిప్పాలని మునిశేఖర్ ఆశ. తన అత్త సంగతి చెప్పి, ఆమెకు సన్మానం చెయ్యడానికి అతన్ని ఒప్పించాడు. మునెమ్మ వద్దంది. కాళ్ళు నొప్పులంది. మునిశేఖర్ మొహం చూసి చివరికి సరేనంది.

సభలో రెండు మూడు వందలమంది ఉన్నారు. జయరామ్ మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. శత్రువు ఆక్రమించిన నగరంలో, ఒంటరి ఆడది, మన చిత్తూరు జిల్లా బిడ్డ, ప్రాణాలకు తెగించి ద్రోహిని పట్టించిందని చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆమెను వేదిక మధ్యలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. అందరి మొహాలూ ఆమె వైపే ఉన్నాయి. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. మునెమ్మ కుర్చీలోనుంచి లేచి నిలబడింది.

“ఆయన ద్రోహి కాదప్పా,” అంది. “మందులంగిడాయన. మా ముసిలామెకి సూదిమందిచ్చి బతికించినాడు. ఆ ఇంటి పిల్లోన్ని కూడా ఆయనే కాపాడినాడు. వాళ్ళొచ్చి నన్నడిగితే ఆ మాట నేను చెప్పలే. చెప్పకూడనిది మాత్రం అడక్కుండా చెప్పినా. ఆయన్ని కొట్టి, చెయ్యి ఇరగ్గొట్టి పంపించినారు. దానికి మీరు నాకు శాలువా కప్పతా ఉండారు.”

మునిశేఖర్ నేల చూశాడు. జయరామ్ మెల్లగా వచ్చి మైకు తీసుకున్నాడు.

“చూసినారా ఆమె మనసు,” అన్నాడు. “శత్రువు మీద కూడా జాలి పడే తల్లి. యుద్ధంలో ఎన్నో జరుగుతాయి. అవన్నీ గుండెలో పెట్టుకుని బతకతా ఉండాది. ఇంగోసారి గట్టిగా చప్పట్లు కొట్టండి.”

కొట్టారు. ఇందాకటికంటే గట్టిగా. కొందరు లేచి నిలబడ్డారు కూడా. ఎవరో శాలువా ఆమె భుజాల మీద కప్పారు. మునెమ్మ చేతులు జోడించి కూర్చుండిపోయింది. ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారు రేణిగుంట దాటింది. తర్వాత మునిశేఖర్ అన్నాడు.

“ఇన్నేండ్లు చెప్పని మాట ఈ పొద్దే చెప్పాల్నా అత్తా?”

“ముందే చెప్పాల్సింది నాయనా,” అంది మునెమ్మ.

కోమలి వెనక సీట్లో తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. స్కూల్లో తాను చెప్పుకు తిరిగిన మాటలు ఆమెకు గుర్తొస్తున్నాయి. అప్పుడు నువ్వు మాత్రం ఏం చెయ్యగలవమ్మా, పనిమనిషివి, వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి అంది. మునెమ్మ తల అడ్డంగా ఊపింది.

“వాళ్ళు నన్ను బెదిరించలే. కుర్చీ ఏసినారు. అది బాగుండింది నాకు.”

కోమలి, చెప్పినాక మనసు తేలికైందా అని అడిగింది.

“లేదు మే. ముప్పై ఏండ్లు ఊరంతా మెచ్చుకుంటా ఉంటే ఇనుకుంటా కూసున్నా గదా. ఆయన చెయ్యి ఒకసారే ఇరిగింది. నేను మాత్రం ఇన్నేండ్లూ దాని మీదే పేరు తెచ్చుకున్నా.”

మునిశేఖర్‌కు జయరామ్ దగ్గర పని దొరికింది. సభ బాగా జరిగిందని జయరామ్ సంతోషించాడట. హేమశ్రీ ఫోన్లో జోర్డాన్‌లో ఉన్న పాలస్తీనా మందుల కొట్లవాళ్ళ కోసం కొన్నాళ్ళు వెతికింది. సమీర్ అనే పేరు లెక్కలేనంతమందికి ఉంది. ఎవరికి రాయాలో, ఏమని రాయాలో తెలియక ఆపేసింది. అవ్వకు ఆ సంగతి చెప్పలేదు.

ఊళ్ళో ఆమెను ఇప్పటికీ కువైట్ మునెమ్మ అనే అంటారు. ద్రోహిని పట్టించిన కథ కూడా పోలేదు. ఆమె మాత్రం ఇప్పుడు తలవంచుకుని ఊరుకోవడం మానేసింది. ఎవరు ఎత్తినా కాదంటుంది, మొదటినుంచి చెప్పడం మొదలుపెడుతుంది. వినేవాళ్ళకు అంత ఓపిక ఉండదు. మందుల కొట్టు దాకా వింటారు, సైనికులు టీ తాగడం దాకా వింటారు. అంతలో ఏదో పని గుర్తొస్తుంది.

పోయిన వారం పుత్తూరు పోవడానికి బస్సుస్టాపులో నిలబడి ఉంటే, కొత్తగా ఆ వీధికి కాపురం వచ్చిన పంకజాక్షి పలకరించింది. యుద్ధంలో గూఢచారిని పట్టించింది మీరేనంట గదమ్మా అంది. గూఢచారి కాదమ్మా, నేను చెప్తా విను అని మునెమ్మ మొదలుపెట్టింది. పంకజాక్షి శ్రద్ధగానే విన్నది. సైనికులు ఇల్లు వెతకడానికి వచ్చినప్పుడు ఆయన అడ్డం నిలబడ్డాడని వినగానే, అయ్యో, మంచి మనిషే అంది. మరి ఆయనకేమైంది అని అడిగింది. మునెమ్మ చెప్పబోతుంటే బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. పంకజాక్షికి ముందు వైపు సీటు దొరికింది. మునెమ్మ వెనక నిలబడింది.